లా చదువుతూ సెయిలింగ్ రేసులు ఆడుతున్నాను. స్పోర్ట్స్ ఆర్బిట్రేటర్ కావాలంటే రెండింట్లో ఏది వదులుకోవాలి?

ఏదీ వదులుకోకండి, ముఖ్యంగా పడవని. నేను లాయర్‌ని. పదిహేనేళ్లుగా ఎక్కువగా కాంట్రాక్టు తగాదాలు, ఆర్బిట్రేషన్లే (కోర్టు బయట మధ్యవర్తి తేల్చే కేసులు) చూస్తున్నాను. అంతకుముందు హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న రేసు పడవ నడిపేవాణ్ణి. పెద్ద పేరున్న సెయిలర్‌ని కాదు, వానాకాలం రెగట్టాల్లో (పడవ పోటీల్లో) మధ్యలో ఎక్కడో వచ్చేవాణ్ణి. అయినా ఈ వృత్తికి పనికొచ్చే మొదటి పాఠం లా కాలేజీలో కాదు, అక్కడే నేర్చుకున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నేను స్టార్‌బోర్డ్ మీద (గాలి కుడివైపు నుంచి) వస్తున్నాను, ఇంకొకడు పోర్ట్ మీద (గాలి ఎడమవైపు నుంచి). సెయిలింగ్ రేసు నిబంధనల్లో రూల్ 10 ప్రకారం వాడే తప్పుకోవాలి. తప్పుకోలేదు. గుద్దుకోకుండా నేనే పడవ తిప్పాను, నాలుగు స్థానాలు పోయాయి. ఒడ్డుకొచ్చి ప్రొటెస్ట్ (ఫిర్యాదు) ఫారం నింపాను, బొమ్మ కూడా చక్కగా గీశాను. గదిలోకి వెళ్లగానే కమిటీ ఛైర్మన్ అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడికక్కడే 'ప్రొటెస్ట్' అని అరిచావా?" నేను అరిచిన మాట వేరు, అది ఆ అవతలివాడి నాన్నగారికి సంబంధించింది. ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వాపుకుంటూ ప్రొటెస్ట్ చెల్లదని రాసేశారు. బల్ల మీద పెట్టిన బుల్లి ప్లాస్టిక్ పడవల్ని ఎవరూ ముట్టుకోను కూడా లేదు. న్యాయం నా వైపే ఉంది. కానీ కమిటీ దాని దాకా వెళ్లాలంటే ముందు ప్రొటెస్ట్ చెల్లాలి కదా.

మామూలు ఫ్లీట్ రేసులో (పడవలన్నీ కలిసి పోటీపడే రేసులో) పోర్టు, స్టార్‌బోర్డ్ గొడవలు అక్కడికక్కడే తేల్చే అంపైర్ ఉండడు. తప్పు చేసినవాడు తనంతట తానే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకోవాలి. తీర్చుకోకపోతే అవతలివాడు ప్రొటెస్ట్ చేస్తాడు. సాయంత్రం ఇద్దరూ, సాక్షులూ కమిటీ ముందు కూర్చుంటారు. అందరి మాటా విన్నాక కమిటీ వాళ్లను బయటికి పంపి, ముందు ఏం జరిగిందో వరుసగా రాస్తుంది, తర్వాత ఏ రూల్ తప్పారో, ఆ తర్వాతే తీర్పు. ఆర్బిట్రేటర్ రాసే అవార్డుకి, అంటే తీర్పుకి, అస్థిపంజరం ఇదే. మన కోర్టుల్లో చాలామంది వాదన ముందు తయారుచేసుకుని, దానికి సరిపడే వాస్తవాలు వెతుక్కుంటారు. (నేనూ చేశాను.)

పెద్ద స్థాయిలో ఇదెలా ఉంటుందో చూడాలంటే 2013 అమెరికాస్ కప్ అనే పెద్ద సెయిలింగ్ పోటీ గురించి చదవండి. అంతర్జాతీయ జ్యూరీకి ఛైర్మన్ డేవిడ్ టిలెట్, ఆడిలైడ్ లాయర్. అంతకుముందు జరిగిన సిరీస్‌లో ఒరాకిల్ జట్టు తన 45 అడుగుల పడవల్లో అనుమతి లేకుండా బరువులు పెట్టినట్టు తేలింది. జ్యూరీ 2,50,000 డాలర్ల జరిమానా వేసి, రెండు పాయింట్లు కోసింది. ఆ జట్టు మైనస్ రెండుతో మొదలుపెట్టి, 8-1 వెనకబడి, చివరికి 9-8తో కప్పు కొట్టింది! ఆ వ్యవహారంలోనే నిషేధం పడ్డ సెయిలర్ డిర్క్ డి రిడ్డర్ లొసాన్‌లోని క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టుకి, అంటే కాస్‌కి వెళ్లాడు. ఐదేళ్లుగా మొదలైన శిక్ష అప్పటికే మూడేళ్లకు దిగింది, కాస్ దాన్ని 18 నెలలకు తగ్గించింది. జ్యూరీ గదికీ కాస్‌కీ మధ్య దూరం అంతే.

కాస్ 1984లో మొదలైంది. మనవాళ్లకు వినేశ్ ఫోగట్ 100 గ్రాముల కేసుతో బాగా తెలిసింది. పారిస్‌లో ఆ కేసు విన్నది ఒకే ఆర్బిట్రేటర్, ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి అనబెల్ బెనెట్. ఒలింపిక్స్ సమయంలో పెట్టే ప్రత్యేక విభాగం మామూలుగా 24 గంటల్లో తేల్చాలి. వినేశ్ కేసులో గడువు పొడిగిస్తూ పోయారు, చివరికి ఆగస్టు 14న కొట్టేశారు.

ఇక డబ్బు సంగతి. స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్‌నే నమ్ముకుని ఇల్లు గడవదు. పైగా కాస్ ఆర్బిట్రేటర్ల జాబితాలో చేరితే అదే కాస్‌లో ఎవరి తరఫునా లాయర్‌గా వాదించకూడదు, 2010 నుంచి ఆ నిబంధన ఉంది. కాబట్టి ముందు మామూలు ఆర్బిట్రేషన్‌లో నిలదొక్కుకోండి. అవార్డు రాయడం అలవాటవ్వాలి, పేరు రావాలి. ఇక్కడ మొదటి మెట్టుగా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) డోపింగ్ క్రమశిక్షణ ప్యానెళ్లు చూడండి, వాటిలో లాయర్లు, డాక్టర్లు, క్రీడాకారులు కలిసి కూర్చుంటారు. 2025 క్రీడా పాలన చట్టంతో జాతీయ క్రీడా ట్రైబ్యునల్ కూడా వస్తోంది.

గడువుల మీద ఇంకో మాట. ఫెడరేషన్ నిబంధనల్లో వేరేగా లేకపోతే కాస్‌కి అప్పీల్ 21 రోజుల్లో వేయాలి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు ఫెడరేషన్ పంపిన ఆర్డర్‌ని పదిహేడో రోజున చూసుకున్నాడు, అదీ స్పామ్‌లో. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడిన గుర్తు లేదు, అంత టెన్షన్. ఇరవయ్యో రోజు రాత్రి ఫైల్ చేశాం. పంపేటప్పుడు నాకు ఆ ప్రొటెస్ట్ గదే గుర్తొచ్చింది.

మీరు వెంటనే చేయగలిగిన పని: వచ్చే రెగట్టాలో ఒక్క రోజు రేసు మానేసి ప్రొటెస్ట్ కమిటీకి రాతపనిలో సాయం చేస్తానని అడగండి. రాసేవాళ్లు ఎప్పుడూ తక్కువే, కాదనరు. మీకు తెలిసినవాళ్ల కేసు వస్తే మాత్రం అడగకముందే చెప్పేయండి. కిందటేడు నా పాత సెయిలింగ్ సహచరుడి కూతురి ప్రొటెస్ట్ వచ్చింది. నేను లేచి బయటికెళ్లి, లోపల ఏం జరుగుతోందో తెలియక మూడు టీలు తాగాను. ఆ అమ్మాయి ఓడిపోయింది. 'ప్రొటెస్ట్' అని మాత్రం గట్టిగానే అరిచిందట.