కూర్చుని తినే కారు

ప్రశ్న: ఆరేళ్ల కిందట కొన్న స్పోర్ట్స్ కారు ఉంది. టర్బో లేని ఇంజిన్, మాన్యువల్ గేరు. ఇప్పటికి 9,000 కిలోమీటర్లే తిరిగింది. ఇలాంటివి ఇక రావు, షెడ్డులో పెట్టేస్తే పదేళ్లలో మంచి ధర పలుకుతుందని స్నేహితులంటున్నారు. దాంతో బయటికి తీసిన ప్రతిసారీ డబ్బు పారబోస్తున్నట్టే ఉంటోంది. దాచమంటారా, నడపమంటారా?

జవాబు: ముందు చిన్న లెక్క. కారు విలువ ఇవాళ 100 అనుకోండి. బీమా, పన్ను, షెడ్డు, ఏటా ఆయిల్, ఆరేడేళ్లకోసారి టైర్లు అన్నీ కలిపి ఏడాదికి 3 అని తక్కువలో తక్కువ వేసినా పదేళ్లకు 30. అదే 100ను ఏటా 6 శాతం వచ్చేచోట పెడితే పదేళ్లకు 179 అవుతుంది. అంటే మీ కారు 209కి అమ్ముడుపోతేనే లెక్క సరిపోతుంది. అమ్మించినవాళ్ల కమిషన్ ఇందులో కలపలేదు.

పదేళ్లలో రెట్టింపయ్యే కార్లు లేవని కాదు. కానీ అవి వేళ్ల మీద లెక్కపెట్టే రకాలు. మెక్‌లారెన్ ఎఫ్1 మొత్తం 106 చేశారు. ఫెరారీ ఎఫ్50 349, పోర్షే కరేరా జీటీ 1,270. ఏటా వేలల్లో అమ్ముడైన మోడల్ ఈ పంక్తిలో కూర్చోదు. ‘ఇక రావు’ అన్న మాట మీదా మరీ ఆశ పెట్టుకోకండి. 2016లో పోర్షే 911 ఆర్ అని 991 కార్లు మాత్రమే చేసింది. 911లోనే మరో రకమైన అప్పటి జీటీ3లో మాన్యువల్ గేరు లేదు, ఇందులో ఉంది. అంతే, ధర కొత్త కారు ధరను దాటి ఎక్కడికో పోయింది. మరుసటి ఏడాదే కంపెనీ జీటీ3లో మాన్యువల్ గేరు మళ్లీ ఇచ్చింది. ఎగిరిన ధర దిగొచ్చింది. లాభానికని కొన్నవాళ్లకు అది చేదు అనుభవం. నడుపుకోవడానికి కొన్నవాళ్ల కారులో మాత్రం ఒక్క బోల్టు కూడా మారలేదు.

ఇక కిలోమీటర్ల సంగతి. 2021లో అమెరికాలోని పెబుల్ బీచ్ వేలంలో 400 కిలోమీటర్లు కూడా తిరగని మెక్‌లారెన్ ఎఫ్1 రెండు కోట్ల డాలర్లు దాటింది. హాస్యనటుడు రోవన్ అట్కిన్సన్ ఎఫ్1 అయితే 60 వేల కిలోమీటర్లు పైనే తిరిగింది, రెండుసార్లు గుద్దుకుంది కూడా. అయినా 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్ముడైందని పత్రికలు రాశాయి. ఆయన కొన్న ధరకు అది పది రెట్ల పైమాటే. తక్కువ తిరిగిన దానికి ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ ఆ తేడాలో సింహభాగం మొదటి కొన్ని వందల కిలోమీటర్లదే. ప్లాస్టిక్ కవర్లు తీయని కారు అనే హోదా ఒక్కసారే పోతుంది. మీ 9,000 కిలోమీటర్ల కారుకు ఆ హోదా ఎప్పుడో పోయింది. ఇంకో 10 వేలు తిరిగితే ధర కొంత తగ్గుతుందేమోగానీ, కూలదు.

కాబట్టి మీకు మా సలహా: ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు ధైర్యంగా తిప్పండి. ప్రతి బిల్లూ తేదీ, ఓడోమీటర్ అంకె కనిపించేలా ఫైల్లో పెట్టండి. అదే మీది నిజంగా నంబరు వేసి చేసిన కొద్ది కార్లలో ఒకటై, వంద కిలోమీటర్లు కూడా తిరగనిదైతే, సలహా వేరు: దాన్ని దాచుకునేవాళ్లకే అమ్మేసి, అదే మోడల్‌లో 20 వేలు తిరిగినది కొనుక్కుని నడపండి.

ప్రశ్న: కారు ఎక్కువగా తీయను. ఇంజిన్ పాడవకుండా ప్రతి ఆదివారం ఉన్నచోటే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోకపోవడం కాదు, చెడ్డే ఎక్కువ. దయచేసి ఆపేయండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లని ఇంజిన్‌లో అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి, మిగతాది సైలెన్సర్‌లోకి వెళ్లి అక్కడే నీరుగా మారుతుంది. చల్లని ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతుంది కాబట్టి కాలని పెట్రోలు కూడా సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడుక్కుంటూ కిందికి దిగుతుంది. ఈ నీరు, పెట్రోలు ఆవిరై పోవాలంటే ఆయిల్ 90 డిగ్రీల దాకా వేడెక్కి, కాసేపు అలాగే ఉండాలి. మీటర్‌లో కనిపించేది చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి. అది ఐదారు నిమిషాల్లో మధ్యకొస్తుంది. ఆయిల్‌కు, నడుపుతూ ఉన్నా, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఉన్నచోట పది నిమిషాల్లో ఆయిల్ అక్కడిదాకా రాదు. ఆయిల్ మూత తిప్పి చూడండి: లోపల మజ్జిగ రంగులో జిగురు అంటుకుని ఉంటే ఆదివారాల లెక్క అక్కడ రాసి ఉన్నట్టే.

పైగా గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే భాగం), చక్రాల బేరింగులు, బ్రేకులు నిలబడ్డ కారులో కదలవు. రెండు మూడు వారాలకోసారి 30, 40 నిమిషాలు రోడ్డు మీద నడపండి. ఆయిల్ వేడెక్కేదాకా 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటనివ్వకండి, ఆ తర్వాత ఒకటి రెండుసార్లు పైదాకా లాగండి. ఏసీ పది నిమిషాలు వేయండి, కంప్రెసర్ సీలు ఆరిపోకుండా ఉంటుంది. షెడ్డుకు చేరేముందు నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే డిస్కుల మీది తుప్పు పొర పోతుంది. అలా కుదరకపోతే అసలు స్టార్టే చేయకండి.

ప్రశ్న: నాలుగైదు నెలలు ఊళ్లో ఉండను. కారు ఎలా పెట్టి వెళ్లాలి?

జవాబు: వెళ్లేముందు ఆయిల్, ఫిల్టర్ మార్చండి, వచ్చాక కాదు. వాడిన ఆయిల్‌లో తేమా ఆమ్లాలూ ఉంటాయి. అవి నెలల తరబడి బేరింగులకు అంటుకుని ఉండకూడదు. ట్యాంకు నిండా పెట్రోలు పట్టించి, పెట్రోలు పాడవకుండా వేసే స్టెబిలైజర్‌ను సీసా మీద రాసిన కొలతలో కలిపి, పావుగంట నడపండి. అప్పుడే అది గొట్టాల్లోకీ ఇంజెక్టర్లలోకీ చేరుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది.

అందరూ తేలిగ్గా తీసుకునేది బ్యాటరీని. తాళం వేసినా అలారం, కంప్యూటర్లు కరెంటు లాగుతూనే ఉంటాయి. 40 మిల్లీయాంపులే అనుకున్నా రోజుకు దాదాపు 1 యాంపియర్-అవర్. 70 యాంపియర్-అవర్ల బ్యాటరీ 35 రోజుల్లో సగానికి పడిపోతుంది. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.4 కంటే కిందికి జారి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ ఎంత ఛార్జి చేసినా పూర్తిగా కోలుకోదు. నిండగానే తనంతట తానే తగ్గించుకునే ఛార్జర్ తగిలించి వెళ్లండి.

టైర్లలో గాలి మామూలు కంటే 5 నుంచి 8 పీఎస్‌ఐ పెంచండి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకూడదు. నడిపేముందు మళ్లీ తగ్గించడం మరవకండి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి, అది వదిలేసి చక్రాలకు అడ్డు పెట్టండి. పైన గుడ్డ కవరే కప్పండి, ప్లాస్టిక్ పట్టా కింద తేమ నిలుస్తుంది. ఎలుకల మాట వేరే చెప్పాలా? సైలెన్సర్ నోట్లో, గాలి పీల్చే గొట్టంలో గుడ్డ కుక్కండి. ఎక్కడెక్కడ కుక్కారో చీటీ రాసి స్టీరింగ్‌కు అతికించండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ల కారు, 4,000 కిలోమీటర్లే తిరిగింది. కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు, కొత్త కారులా కాకుండా పద్నాలుగేళ్ల కారులా బేరమాడి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2311 అంటే 2011లో 23వ వారం. గాట్లు నిండా ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, దాంతో వేగంగా నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చారా అని బిల్లు అడగండి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు, మరిగితే బ్రేకు పట్టదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుందేమో, గేరు పడేటప్పుడు గరగరమంటే తెలుస్తుంది.

టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను సమయానికి నడిపే బెల్టు) ఉన్న ఇంజినైతే దానికి కిలోమీటర్లే కాదు, ఏళ్లూ లెక్కే. ఉదాహరణకు ఫెరారీ ఎఫ్355లో మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి, అందుకు ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. నడవని కారుకూ ఆ ఖర్చు తప్పదు. అమ్మేవారి దగ్గర ఆ బిల్లు లేకపోతే మొత్తం ఖర్చు ధరలోంచి తీసేయమనండి.

ప్రశ్న: సైలెన్సర్ మార్పించి శబ్దం పెంచుకుంటే తర్వాత ధర తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది, పాతది పారేస్తే. విప్పిన అసలు సైలెన్సర్, క్లాంపులు, బోల్టులు ఆయిల్ రాసి చుట్టి దాచండి. అమ్మేరోజు తిరిగి బిగించి ఇవ్వొచ్చు. కోయడం, వెల్డింగ్ చేయడం వద్దు.