16వ శతాబ్దం అని బిల్లు ఇచ్చి 19వ శతాబ్దం లాకెట్ అంటగట్టారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: లండన్‌లో ఉంటాం. అమ్మ పోయాక ఆవిడ గాజులు అమ్మిన డబ్బుతో ఒక యాంటిక్ షాపులో 4,800 పౌండ్లకి ఎనామిల్ లాకెట్ కొన్నాను. బిల్లులో "ఇటలీ, 16వ శతాబ్దం" అని ఉంది. ఇప్పుడు వేలం వాళ్లేమో 19వ శతాబ్దంలో రెనసాన్స్ (15, 16 శతాబ్దాల) స్టైల్లో చేసిందంటున్నారు. షాపతను తనకీ తెలీదంటున్నాడు. మధ్యలో కంసాలి దగ్గర అల్ట్రాసోనిక్ మెషిన్‌లో (శబ్ద తరంగాలతో కడిగేది) కడిగిస్తే నీలం ఎనామిల్ పెచ్చు ఊడింది. బిల్లు ఫొటో పంపుతున్నాను. అదే బిల్లు చూపించి వేరేవాళ్లకి అమ్మేయొచ్చా?

జవాబు: గాజుల సంగతి కోర్టుకి అక్కర్లేదమ్మా, ఎప్పుడు కొన్నారన్నదే ముఖ్యం, మీ ఉత్తరంలో ఆ తేదీయే లేదు. బిల్లు ఫొటో చూస్తే ఐదేళ్ల ఎనిమిది నెలలైంది. ఇంగ్లండ్‌లో 1980 లిమిటేషన్ యాక్ట్ ప్రకారం ఇలాంటి కేసుకి ఆరేళ్లే గడువు, అదీ నిజం తెలిసిన రోజు నించి కాదు, వస్తువు చేతికొచ్చిన రోజు నించి. అంటే నాలుగు నెలలుంది. కావాలని మోసం చేశాడని రుజువైతే లెక్క మారుతుంది గానీ ఆ రుజువు మీ దగ్గర లేదు.

షాపతనికి తెలుసా తెలీదా అనేది అనవసరం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా 16వ శతాబ్దపు ఇటలీ కంసాలి చెల్లినీ పని అనుకున్న బంగారు కప్పు చివరికి 19వ శతాబ్దపు జర్మన్ కంసాలి వాస్టర్స్ డిజైన్ అని తేలింది, అయినా 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద వస్తువు బిల్లులో రాసినట్టు ఉండాలి, అంతే.

1944లో ఒకాయన, జాన్ కానిస్టేబుల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు వేసిందని 85 పౌండ్లకి పెయింటింగ్ కొని, ఐదేళ్లకి కాదని తెలిసి, వెనక్కి తీసుకుని డబ్బులివ్వమని కోర్టుకెళ్తే 1950లో అప్పీల్ కోర్టు ఆలస్యమైందని కొట్టేసింది. నష్టపరిహారం అడిగుంటే వేరేలా ఉండేది. మీరు అదే అడగండి.

రుజువు భారం మీదే. వేలం వాళ్ల నోటిమాట పనికిరాదు, రాతలో రిపోర్టు తీసుకోండి, ఎక్స్‌రే టెస్టులో ఆకుపచ్చ ఎనామిల్‌లో క్రోమియం ఉందేమో చూపించండి, ఆ మూలకం బయటపడిందే 1797లో. అది తర్వాత రిపేర్లో వేసిందని షాపతను అనొచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల చూడమనండి. మధ్యలో కంసాలి దగ్గర అల్ట్రాసోనిక్‌లో కడిగించి నీలం పెచ్చు ఊడగొట్టుకున్నారట, ఎవరు చెప్పారండీ మీకు? ఇక ముట్టుకోకండి.

అమ్మే ఆలోచన మానుకోండి. తెలిసీ అదే బిల్లు చూపిస్తే 2006 ఫ్రాడ్ యాక్ట్ కింద ముద్దాయి మీరే, పదేళ్ల దాకా జైలు.

ఈ వారమే షాపుకి నోటీసు పంపండి. 10,000 పౌండ్ల లోపు కాబట్టి స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల దావాల కోర్టు పద్ధతి) వెయ్యొచ్చు. క్రెడిట్ కార్డుతో కొంత కట్టినా కార్డు కంపెనీని కూడా అడగొచ్చు, డెబిట్ అయితే ఆ దారి లేదు. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు, ఆరేళ్లు నిండేలోపు క్లెయిమ్ కోర్టులో పడాలి.