శబ్దం – సందేహం: ఎర్ర దీపం వెలిగితే దేన్ని తగ్గించాలి?

ప్రశ్న: అయ్యా, మా ఊరి తప్పెటగుళ్ల బృందాన్ని ఎనిమిది మైకులతో రికార్డు చేసి, ఇంట్లో కంప్యూటర్ మీద మిక్సింగ్ చేస్తున్నాను. విడిగా ఏ ట్రాకూ మైనస్ 6 డీబీ (డెసిబెల్, శబ్ద స్థాయి కొలత) దాటడం లేదు. అన్నీ కలిపితే మాత్రం మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చోటు) మీటర్ ఎర్రబడుతోంది. మాస్టర్ ఫేడర్ (స్థాయిని పెంచే, దించే మీట) దించితే సరిపోతుందని, 32 బిట్ ఫ్లోట్‌లో శబ్దం పగలదని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? దించితే మిగతా పాటల పక్కన నాది నీరసంగా వినిపించదా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ముందు ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని, సమాన స్థాయి గల రెండు శబ్దాలు కలిస్తే మొత్తం సుమారు 3 డీబీ పెరుగుతుంది. రెండూ అచ్చంగా ఒకే తరంగమైతే 6 డీబీ. ఎనిమిది ట్రాకులకు ఈ లెక్క 9 నుంచి 18 దాకా పోతుంది. తప్పెటగుళ్లలో ఛాతీ మీది రేకు తప్పెటలన్నీ ఒకే దెబ్బగా పడతాయి, ఆ అడుగుతోనే గజ్జెలూ మోగుతాయి. పైగా ఒక్కో దెబ్బ ఎనిమిది మైకుల్లోనూ దూరుతుంది. మైనస్ 6 దాకా వచ్చే ట్రాకులు ఎనిమిది కలిపాక ఎర్ర దీపం వెలగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

డిజిటల్ స్కేలు సున్నా దగ్గర అయిపోతుంది. కుంచం నిండాక పోసిన గింజ నేలపాలే. అయితే కంప్యూటర్ అంకెలను దాచుకునే 32 బిట్ ఫ్లోట్‌లో సాఫ్ట్‌వేర్ లోపల సున్నా దాటిన విలువలు కూడా భద్రంగానే ఉంటాయి. అవి తెగేది సౌండ్ కార్డు ద్వారా బయటికి వచ్చేటప్పుడు, లేదా 16, 24 బిట్ ఫైలుగా రాసేటప్పుడు. అంతవరకు మీ స్నేహితుడి మాట నిజమే. ఆయన చెప్పనిది ఒకటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మాస్టర్ మీద పెట్టిన ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) ఫేడర్‌కు ముందే పనిచేస్తాయి. అక్కడ పెద్ద శబ్దాలను అణిచే కంప్రెసర్ ఉంటే, మీరు ఫేడర్ ఎంత దించినా అది అందుకునేది పొంగిపొర్లే శబ్దాన్నే. పాత అనలాగ్ యంత్రాలను అనుకరించే ప్లగిన్లలో చాలావరకు సగటున మైనస్ 18 దగ్గర వచ్చే శబ్దాన్ని ఊహించుకుని తయారైనవి.

కాబట్టి ఎనిమిది ట్రాకుల ఫేడర్లనూ ఎంచుకుని ఒకేసారి 8 లేదా 10 డీబీ దించండి. వాటి మధ్య మీరు కుదుర్చుకున్న పొత్తు చెడదు. ట్రాకుల మీద ఇంకా కంప్రెసర్లు పెట్టకపోతే, ప్లగిన్లకు ముందుండే, లోపలికి వచ్చే స్థాయిని మార్చే గెయిన్‌తో దించడం మరీ మంచిది. ఇప్పటికే పెట్టి ఉంటే గెయిన్ ముట్టుకోవద్దు, వాటి పట్టు మారిపోతుంది. మాస్టర్‌లో అతిపెద్ద దెబ్బ మైనస్ 6 దగ్గర ఆగితే చాలు. ఇదేమీ శాసనం కాదు, మైనస్ 4 అయినా మైనస్ 10 అయినా కొంప మునగదు. పండుగ రోజుల్లో మా విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎర్ర దీపం ఆరితే మిక్సర్ చెడిపోయిందనుకునే మహానుభావులున్నారు. వారికి మాత్రం ఈ సలహా రుచించదు.

మీటర్ల విషయానికొస్తే, సగటు స్థాయిని చూపే వీయూ మీటర్ ముల్లు పూర్తిగా లేవడానికి సుమారు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. గజ్జె చప్పుడు తొలి మొన అంతలోపే వచ్చి పోతుంది. ముల్లు కదలనే లేదు కదా అని ధీమాగా ఉంటే, పక్కన క్షణికమైన శిఖరాలను చూపే పీక్ మీటర్ ఎర్రబడి ఉంటుంది. పగులుతుందా లేదా అన్నది పీక్ మీటర్‌లో చూడండి, చెవికి ఎంత బిగ్గరగా ఉందన్నది ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటర్‌లో చూడండి. గజ్జెల మొనలే చోటంతా తినేస్తుంటే ఆ ఒక్క ట్రాకుకే గీత దాటనివ్వని చిన్న లిమిటర్ పెట్టండి. మొత్తం పాట నెత్తిన పెడితే తప్పెట దెబ్బ మొద్దుబారుతుంది.

ఇక నీరసం. మిక్సింగ్ చేస్తున్నంతసేపూ స్పీకరు వాల్యూమ్ పెంచుకోండి, అది ఉన్నది అందుకే. పాటకు కావలసిన బిగ్గరతనం చివర్లో, మాస్టర్ మీద లిమిటర్‌తో తెచ్చుకోవచ్చు. ట్రూ పీక్ (తరంగం నిజంగా చేరే శిఖరం) మైనస్ 1 దాటకుండా చూసుకోండి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ కంటే బిగ్గరగా ఉన్నవాటిని తానే దించేస్తుంది. మెల్లగా ఉన్నవాటిని మాత్రం పెంచదు.

ఒక్క హెచ్చరిక. రికార్డింగ్‌లోనే తరంగం తల నున్నగా కోసినట్టు ఉంటే, అది మైకు గెయిన్ ఎక్కువై అప్పుడే తెగిపోయిన శబ్దం. దాన్ని ఏ ఫేడరూ తిరిగి ఇవ్వదు.

ప్రశ్న: ఇంట్లో వీణ రికార్డు చేస్తుంటే మీటర్ మైనస్ 20 దాటడం లేదు. గెయిన్ పెంచాలా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే అక్కర్లేదమ్మా. బిట్‌కు సుమారు 6 డీబీ చొప్పున అక్కడ లెక్కకు 144 డీబీ చోటు ఉంది, మైనస్ 20 హాయిగా సరిపోతుంది. 16 బిట్ అయితే 96 మాత్రమే, అప్పుడు కొంచెం పెంచుకోండి. అంతకంటే ముఖ్యం, ఫ్యాను ఆపి, వీణ మీటకుండా పది సెకన్లు రికార్డు చేయండి. మీటర్ మైనస్ 60 కంటే కింద ఉంటే నిశ్చింతగా వాయించండి. మైనస్ 40 దగ్గర ఊగుతుంటే కిటికీ మూసి, మైకును వీణకు కాస్త దగ్గరగా జరపండి. గెయిన్ పెంచితే వీణతో పాటు వీధి కూడా పెరుగుతుంది.