లోపలి క్యూబు చిన్నది కాదే, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, దీనికి బెంగళూరులో పీహెచ్‌డీ సీటొచ్చింది, స్ట్రింగ్ థియరీట" అన్నాడు. అది సంతోషమో భయమో వాడికే తెలిసినట్టు లేదు. నాకు రెండూను. నిద్ర పట్టక లేచి కూర్చుని ఇది రాస్తున్నా.

మామూలు సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తా: లీనియర్ ఆల్జీబ్రా గట్టి చేసుకో, వేళకి తిను.

ఇక నీ ఫోను తెర మీద పువ్వులా రేకులు ముడుచుకున్న కాలాబీ-యావ్ బొమ్మ. స్ట్రింగ్ థియరీ లెక్కలో లోకానికి పది డైమెన్షన్లు, అంటే పది దిక్కులు; అందులో మనకి కనపడని ఆరూ ముడుచుకుని ఉంటాయనే ఆకారమే ఈ కాలాబీ-యావ్. సంక్రాంతికి వచ్చినప్పుడు, "మనకి కనపడని ఆరు డైమెన్షన్లూ ఇలా ఉంటాయత్తా" అన్నావు. ఉండవే. ఆరు డైమెన్షన్ల వస్తువులోంచి రెండు డైమెన్షన్ల పొర ఒకటి కోశారు. ఆ పొర నాలుగింటిలో మెలికలు తిరిగి ఉంటే మూడింటిలోకి నీడగా దించారు. దాన్ని మళ్ళీ నీ ఫోను తెరకి అతికించారు. అందం సంగతి సరే. అన్నింటినీ కోసి పారేశాక మిగిలింది ఎంతో అడిగావా? నువ్వు అడగవు, తల ఊపుతావు. చిన్నప్పట్నించీ అంతే. నా భయమంతా ఆ ఊపే తల గురించే.

నేనూ ఊపాను కాబట్టి చెబుతున్నా.

ఎమ్మెస్సీ రెండో ఏడు. నాలుగు డైమెన్షన్ల క్యూబు, అదే టెసరాక్ట్, సెమినార్‌కి ఎంచుకున్నా. హాస్టల్ గదిలో శనగలు నానబెట్టి, చీపురు పుల్లలు విరిచి గుచ్చాను. పదహారు శనగలు, ముప్ఫైరెండు పుల్లలు. పెద్ద క్యూబు లోపల చిన్న క్యూబు, మూలనుంచి మూలకి ఏటవాలు పుల్లలు. శనగలు ఎండాక బిగుసుకుని రాయిలా నిలబడింది. ఎంత మురిసిపోయానో!

సెమినార్‌లో ఒకాయన అడిగారు: "ఇందులో క్యూబులెన్నమ్మా?"

"రెండు సార్."

"లోపలిదాని అంచు పొడవు?"

"బయటిదాంట్లో సగం సార్."

గదంతా నవ్వింది. ఆయన విడమర్చి ఏదో చెప్పారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. తల ఊపి కూర్చున్నా.

ఆ రాత్రి కరెంటు పోయింది. లాంతరు ముందు పుల్లలతో చేసిన మామూలు క్యూబు పెట్టాను. గోడ మీద పెద్ద చతురస్రం, దాని లోపల చిన్నది, మూలల్ని కలుపుతూ నాలుగు ఏటవాలు గీతలు. క్యూబుకి ఆరు ముఖాలూ సమానమే. లాంతరుకి దగ్గరిది పెద్దగా పడింది, దూరంగా ఉన్నది చిన్నగా పడింది, పక్కవి నాలుగూ నలిగాయి. నా శనగల బొమ్మా అంతే! లోపలిదొకటి, బయటిదొకటి, మధ్యలో నలిగినట్టున్నవి ఆరు. మొత్తం ఎనిమిది క్యూబులు, అన్నీ ఒకే కొలత. లోపలిది చిన్నది కాదు, నాలుగో దిక్కులో దూరంగా ఉంది.

తెల్లారి వెళ్ళి ఆయనకి చెప్పుంటే సరిపోయేది. వెళ్ళలేదు. అందరికీ ఇదంతా కళ్ళ ముందు కనపడుతోంది, నాకే ఆ కన్ను లేదనుకున్నా. ఎలక్ట్రానిక్స్‌లోకి మారిపోయా. ముప్ఫైరెండేళ్ళు పిల్లలకి డయోడ్లు చెప్పాను, బాధేం లేదులే. కానీ రిటైరయ్యే ముందు ఒక సమ్మర్ స్కూల్లో స్ట్రింగ్ థియరీ మీదే పనిచేసే పెద్దాయన్ని పట్టుకుని, "మీకు పది డైమెన్షన్లూ కనిపిస్తాయా?" అనడిగాను. "ఎక్కడమ్మా! బోర్డు మీద రెండు గీస్తాం, లెక్క పదికి చేస్తాం" అన్నాడు. ఆ రోజు అన్నం సయించలేదే.

నువ్వూ చేత్తో చెయ్యి. కంద గడ్డని క్యూబులా కోసి, మూల మీద నిలబెట్టి సరిగ్గా సగంలో అడ్డంగా కొయ్యి, షడ్భుజి వస్తుంది. టెసరాక్ట్‌ని అలాగే కోస్తే నడిమి ముక్క ఎనిమిది త్రిభుజాల ఆక్టాహెడ్రన్. అలీషియా బూల్ స్టాట్ అని, కాలేజీ గడప తొక్కని మనిషి, ఇలాంటి ముక్కల్ని అట్టతో చేసింది. 1914లో గ్రోనింగెన్ యూనివర్సిటీ ఆవిడకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

అయితే చెయ్యీ మోసం చేస్తుంది. నాలుగు ప్రమాణాల అంచున్న డబ్బాలో ఒక ప్రమాణం వ్యాసార్ధమున్న లడ్డూలు మూలకొకటి పెట్టు, ఎనిమిది. మధ్య సందులో పట్టే లడ్డూ వ్యాసార్ధం 0.73. డైమెన్షన్లు ఎన్నైతే దాని వర్గమూలంలోంచి ఒకటి తీసెయ్యడమే. తొమ్మిదిలో సరిగ్గా 2, డబ్బా గోడకి తగులుతుంది. పదిలో 2.16, గోడ దాటి బయటికి పొడుచుకొస్తుంది! మూలల్లో 1024 లడ్డూలు చుట్టుముట్టి ఉండగానే. ఇది ఏ కంటికీ కనపడదు. లెక్క వేస్తేనే తెలుస్తుంది.

గైడు దగ్గర అర్థం కానప్పుడు "తెలీలేదు సార్" అనాలి. ఇప్పట్నించే అలవాటు చేసుకో, నా మీదే మొదలుపెట్టు. ఈ లడ్డూల సంగతి అర్థం కాకపోతే ఆదివారం ఫోన్ చెయ్యి.

నా శనగల క్యూబు ఇంకా అటక మీదుంది. శనగలు పుచ్చిపోయి రెండు మూలలు రాలాయి. నువ్వొచ్చే ముందు రోజు చెప్పు, గుప్పెడు నానబెడతా.

మీ అత్త