బేస్‌బాల్ ఆటగాడు టిమ్ రెయిన్స్ గొప్పతనం ఆలస్యంగా ఎందుకు గుర్తించారు?

ముఖ్యంగా రికీ హెండర్సన్ వల్ల. ఇద్దరిదీ ఒకే కాలం, ఒకే పని: ముందు బ్యాటింగ్‌కి దిగి బేస్ (పరుగు దారిలో మజిలీ) చేరడం, అక్కణ్నుంచి బేస్‌లు దొంగిలించడం, అంటే తోటి బ్యాటర్ బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం. ఆ పనిలో చరిత్రలోనే మొదటివాడు ఎదురుగా ఉంటే రెండోవాణ్ని ఎవరు చూస్తారు? పైగా రెయిన్స్ మంచి ఏళ్లన్నీ గడిచింది కెనడాలోని మాంట్రియల్ ఎక్స్‌పోస్‌లో. 2005లో ఆ జట్టే వాషింగ్టన్‌కి వెళ్లిపోయింది, ఇక తలుచుకునేదెవరు!

అసలు చిక్కు హిట్ల (బంతి కొట్టి బేస్ చేరడం) లెక్కతో. రెయిన్స్‌వి 2,605, అదే కాలపు మరో బ్యాటర్ టోనీ గ్విన్‌వి 3,141. కానీ రెయిన్స్ 1,330 వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే కొట్టకుండానే బేస్ దక్కడం) కూడా తీసుకున్నాడు. అన్నీ కలిపితే గ్విన్ కంటే కాస్త ఎక్కువసార్లే బేస్ చేరాడు, 808 బేస్‌లు దొంగిలించాడు. అయినా గ్విన్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకు ఓటింగ్‌తో ఇచ్చే గౌరవం) ఓటుకొచ్చిన మొదటి ఏడాదే దక్కింది. రెయిన్స్‌కి 2017లో, ఓటింగ్‌కి వచ్చిన పదో ఏడాది, ఆఖరి అవకాశంలో. నా దృష్టిలో ఇది ఓటర్ల బద్ధకమే.