కరువు వస్తేనే పశువుల కాపరుల మధ్య కొట్లాటలు పెరుగుతాయా?

చాలామంది అలాగే అనుకుంటారు: నీళ్లు తగ్గితే బావి దగ్గర గొడవ, గొడవ ముదిరితే తుపాకులు. కానీ ఉత్తర కెన్యాలోని మార్సబిట్ ప్రాంతంలో పాత రికార్డులు తిరగేసిన పరిశోధకులకు ఇది తలకిందులుగా కనిపించింది. పశువుల దోపిడీల్లో చనిపోయినవాళ్లు కరువు ఏళ్లలో కన్నా వానలు బాగా పడిన ఏళ్లలోనే ఎక్కువ.

కొంచెం ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఎండిపోయిన ఆవును దోచుకుని ఏం చేస్తారు? రాత్రంతా తోలితే దారిలోనే కూలబడుతుంది. వాన పడ్డాక పశువు పుష్టిగా ఉంటుంది, దారి పొడవునా నీళ్లు దొరుకుతాయి, పొదలు గుబురుగా పెరిగి దాక్కోవడానికి పనికొస్తాయి. కరువులో కుర్రాళ్లకు నీళ్లు తోడటంతోనే సరిపోతుంది. అక్కడి బొరానా తెగ వాళ్ల లోతు బావుల్లో మనుషులు ఒకరిపైన ఒకరు మెట్లలా నిలబడి, పాడుకుంటూ బకెట్లు పైకి అందిస్తారు. అలాంటప్పుడు నీళ్లు పంచుకోవాలంటే పక్క తెగతో రాజీ పడక తప్పదు.

అలాగని కరువు ప్రమాదం కాదని నేననను. మేత కోసం అందరూ ఒకే చోటికి చేరితే టెన్షన్ పెరుగుతుంది. అయితే అది హత్యల దాకా వెళ్లడం వెనక తుపాకులు, రాజకీయాలు ఉంటాయి. 1979లో ఉగాండా నియంత ఈదీ అమీన్ ప్రభుత్వం కూలిపోయాక అక్కడి మొరోటో ఆయుధాగారాన్ని కరమొజాంగ్ కాపరులు కొల్లగొట్టారు. బల్లేల స్థానంలోకి తుపాకులు వచ్చాక ఒక్క దాడిలో పోయే ప్రాణాల లెక్కే మారిపోయింది. ఆ తప్పంతా వాతావరణం మీదకు నెట్టేస్తే తుపాకులు అమ్ముకున్నవాళ్లు తప్పించుకుంటారు.