గడ్డిలోంచి పుట్టిన క్రియ

అమ్మాయీ,

నీ అనువాద కథ రెండుసార్లు చదివాను. నడక బాగా కుదిరింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: "గది నేలంతా ఉత్తరాలు వెదజల్లబడి ఉన్నాయి." ఇంగ్లీషు మూలంలో 'స్ట్రూన్' అని ఉంది. 'స్ట్రూ' అంటే చల్లు, వెదజల్లు అని నిఘంటువు చెప్పింది, నువ్వు నమ్మావు.

'వెదజల్లు'లో ఎవరున్నారో చూడు. వెద అంటే విత్తడం. మా నాన్న నారుమడిలో మొలకెత్తిన వడ్లు చల్లుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. పిడికిట నిండుగా పట్టి, మణికట్టు తిప్పుతూ వేళ్లు మెల్లగా వదులు చేసేవాడు. మడి ఈ చివర నుంచి ఆ చివరకు గింజలు ఒకే తీరున పడేవి. ఆ చేతికి ఒక లెక్క ఉంది, రేపటి మీద ఆశ ఉంది. ఇంగ్లీషులో దానికి సరిజోడు 'బ్రాడ్‌కాస్ట్'. రేడియో దాన్ని తీసుకోక ముందు, 18వ శతాబ్దంలో, అది విత్తనాలు చల్లే రైతుల మాటే.

'స్ట్రూ' పుట్టిల్లు వేరు. అదీ, గడ్డి అనే అర్థమున్న 'స్ట్రా' అనే మాటా ఒకే కుదురులోవి. స్ట్రా అంటే అసలు నేల మీద పరిచేది. మధ్యయుగాల ఇంగ్లండులో ఇళ్లలో నేల మీద తుంగా గడ్డీ పరిచేవారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, యేసు యెరూషలేముకు వచ్చేటప్పుడు జనం కొమ్మలు నరికి దారిలో పరిచిన చోట ఈ క్రియ 'స్ట్రాడ్' అనే రూపంలో ఉంది. మనం కొబ్బరిబోండాంలో వేసుకునే స్ట్రా కూడా ఆ గడ్డిపోచే. 1888లో మార్విన్ స్టోన్ కాగితపు గొట్టానికి పేటెంటు పొందక ముందు అమెరికాలో రై అనే ధాన్యపు గడ్డి కాడలతో పానీయాలు పీల్చేవారు.

ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతంలోని 'స్తృ' ధాతువు దీనికి తోబుట్టువు. మన విస్తారం, విస్తరణ అక్కడివే. హోమగుండం చుట్టూ దర్భలు పరచడాన్ని పరిస్తరణం అంటారు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి హోమగుండం! రెండు చోట్లా అదే ధాతువు, అదే గడ్డి. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నీ గదిలోకి వద్దాం. ఆ ఉత్తరాలను ఎవరూ చల్లలేదు. ముసలాయన రాత్రంతా ఒక్కొక్కటే చదివి, చేతిలోంచి జారవిడిచాడు. తెల్లారేసరికి నేల కనిపించలేదు. దొంగలు పడి వెదికి ఉంటే 'చెల్లాచెదురుగా' అని రాయవచ్చు. ఇక్కడ "నేలంతా ఉత్తరాలు పరుచుకుని ఉన్నాయి" అంటే చాలు. ఆ 'బడి' కూడా తీసెయ్యి.

ఆరో పేజీలో ఆమె సమాధి మీద పూలు 'చల్లింది' అని రాశావు. దాన్ని ముట్టుకోకు. మూలంలో అక్కడా 'స్ట్రూ' క్రియే ఉంది, కానీ ఆమె పూలను పిడికిట పట్టి నిజంగానే చల్లింది.

ఆశీస్సులతో,
బాబాయి